అన్నిట్లోకీ పుల్లటి కుండ

బావను నేను మొదటిసారి కొట్టింది పట్టపగలు, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో వాళ్ల క్వార్టరు ముందు, సైకిల్ పంపుతో. ఎనభైల నడుమ మాట. నాకు ఇరవై నాలుగేళ్లు, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. బావ అక్కడే టర్నరు, నాకంటే పదేళ్లు పెద్ద. ఆ ఉదయం మా అక్క పెదవి చీలి, ముక్కు కింద రక్తం ఎండిపోయి మా గుమ్మంలోకి వచ్చింది. రైల్వే పని కోసం పరాయి రాష్ట్రం వచ్చినా మాది శ్రీకాకుళం వైపు కనక అక్కను అప్ప అనేవాళ్లం. అప్ప నోరు విప్పకముందే నేను సైకిలెక్కాను.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మూతి మీద పడింది. బావ కాలవ గట్టున కూలబడి, ఊడిన పన్ను ఉమ్మేసి, మళ్లీ దాన్నే మట్టిలో వెతుక్కున్నాడు. కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు "ఛేడే దావ్, ఛేడే దావ్, వదిలెయ్" అని అరుస్తున్నారు. వదల్లేదు. పంపు వంగిపోయేదాకా కొట్టాను. నిజం చెప్పాలంటే నాకు చాలా హాయిగా అనిపించింది. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుని, టీ తాగి, మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లాను.

అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు, అప్పకు పదమూడు. నాకు అన్నం పెట్టింది, తలకు నూనె రాసింది, దెబ్బలు తగిలించుకొస్తే పసుపు పూసింది అప్పే. కాబట్టి అప్ప మీద చెయ్యి వేసినవాడిని కొట్టడం నాకు ధర్మంగానే తోచింది. కొట్టడానికి ధర్మం దొరికితే నాలాంటి వాడికి పండగే.

బావ తాగేది చోలాయ్. దొంగ బట్టీల్లో కాచే సారా. అది లోపలికి వెళ్తే మనిషి మారిపోయేవాడు. మామూలప్పుడు కోడిని కొయ్యడానికి కూడా వెనకాడేవాడు. లేతు మీద అతను తీసిన పనికి వంక పెట్టినవాడు లేడు. ఆ చేతులే ఇంటికొచ్చి అప్పను గోడకేసి కొట్టేవి.

సాయంత్రం అయ్య అందర్నీ కూర్చోబెట్టాడు. అయ్య ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, గొడవలంటే ఓపిక లేదు. బావ వాచిన మూతితో ఏడ్చాడు. "మావా, ఇంక తాగనని ఒట్టెయ్యమంటే ఏత్తాను. గానీ అది అబద్దమవుద్ది. మానలేకపోతన్నాను" అన్నాడు. ఆ మాట విని మళ్లీ కొట్టాలనిపించింది గానీ, అబద్ధమాడలేదని అయ్య మాత్రం మెత్తబడ్డాడు.

అయ్యతో పనిచేసిన సంతాలీ ఆదివాసీ హేమర్‌మేన్ ఒకాయన ఉండేవాడు. వాళ్లింట్లో అన్నం పులియబెట్టి హాండియా చేసుకుంటారు. బియ్యపు కల్లు అనుకోండి. మా ఫోర్‌మన్ దాన్ని రైస్ బీర్ అనేవాడు. "అది మాకు అన్నమే, పొలం వెళ్తూ తాగుతాం, ముసలాళ్లు కూడా తాగుతారు" అని హేమర్‌మేన్ ఎప్పుడో అయ్యతో అన్నాడట. అయ్య దాన్నే పట్టుకున్నాడు. సారా బంద్. ఆదివారం పూట మాత్రం హాండియా. అదీ ఎవరో ఒకరి కళ్లముందు.

"నానిక్కడే ఉండిపోతాను అయ్యా" అంది అప్ప.

అయ్య నా వంక చూశాడు. పొద్దున్న గెలిచిన పొగరు నాలో ఇంకా దిగలేదు. "నానున్నాను కదప్పా. ఆదారం ఆదారం ఆడితో నానెల్తాను. ఏటి తాగాలో నానే సూసి ఇప్పిత్తాను. నీ మీద సెయ్యెత్తితే ఆ సెయ్యి ఇరిసేత్తాను" అన్నాను.

అప్ప కొంగుతో పెదవి అద్దుకుంటూ లేచింది. "ఆడి మాట మీద కాదురా, నీ మాట మీద ఎల్తన్నాను" అంది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం నిమ్‌పురా యార్డు పక్కనుంచి నడిచి వెళ్లాం. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు దారంతా వినిపించింది. బావ నాకు రెండు గజాల దూరంలో నడిచాడు, చెయ్యి అందకుండా. యార్డు దాటాక బస్తీ చివర సాల్ చెట్ల కింద ఆడవాళ్లు వరసగా కుండలు పెట్టుకుని కూర్చునేవారు. సాల్ ఆకు దొన్నెలు, ఉడికించిన శనగలు, ఉప్పు, పచ్చిమిరపకాయలు. మేం ఆగింది యాభై దాటిన ఒక సంతాలీ ఆవిడ దగ్గర. మోచేతుల దాకా పచ్చబొట్లు. ఆమె ముందు మూడు కుండలు, పక్కన ఒక నీళ్ల కుండ.

"కౌన్‌సా లేగా దాదా?" అని అడిగింది.

ఏం కావాలో నాకేం తెలుసు? అప్పటికి నేను తాగినవాణ్ని కాదు. చిన్నప్పుడు ఊళ్లో ఒకసారి తాటికల్లు రుచి చూసి అయ్య చేత తన్నులు తిన్నాను, అంతే. ఆమె మూడు కుండల్లోంచీ కొంచెం కొంచెం దొన్నెల్లో పోసింది. ప్రతిసారీ ముందు నాలుగు చుక్కలు నేల మీద వదిలేది, వాళ్ల పెద్దవాళ్ల కోసమట. మొదటి దొన్నెలోది పాలలా తెల్లగా, తియ్యగా ఉంది, చివర్లో ఎక్కడో కాస్త పులుపు. రెండోది నాలుక మీద చిమచిమలాడింది. మూడోది కాస్త పసుపు రంగు తిరిగింది. నోట్లో పడగానే దవడల మూలల్లో జివ్వుమంది, ఒక కన్ను దానంతటదే మూసుకుంది.

ఆ మూడోది నాకు వెంటనే అర్థమైంది. అది మా ఇంటి తరవాణి.

మా ఇళ్లలో వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. రోజూ వార్చిన గంజి అందులో పోసి, గుప్పెడు అన్నం వేసి ఉంచితే పులుస్తుంది. ఆ పుల్లనీళ్లలో రాత్రి అన్నం నానబెట్టి పొద్దున్న ఉల్లిపాయతో తినాలి. ఎంత పులిస్తే అంత చలవ. ఎండాకాలం జ్వరం తగిలినా, ఒళ్లు వేడిచేసినా, కోపం వచ్చినా కూడా అప్ప నాకు పుల్లటి తేటే గ్లాసుడు పోసేది. "తాగు, తల సల్లబడుద్ది" అనేది. కుండ మూతి దగ్గర ముక్కు పెట్టి ఇవాళ్టికి తయారైందో లేదో చెప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అన్నం పులిస్తే చలవ. ఇందులో నాకు అనుమానమేముంది?

బావ తియ్యటి దొన్నె పక్కన పెట్టేసి "ఇది పాయసం నాగుందిరా" అన్నాడు. పన్నూడిన సందులోంచి మాట ఈలలా వచ్చింది.

"నీకు పాయసం ఎవుడిత్తన్నాడు? పుల్లదే తాగు. వేడి దిగుద్ది" అన్నాను. ఆవిడ వైపు తిరిగి, "దీదీ, సబ్‌సే ఖట్టా వాలా దో" అన్నాను. అన్నిట్లోకీ పుల్లటిది ఇమ్మని.

అలా మొదలైంది. చలికాలమంతా బాగానే గడిచింది. చలికి కుండలు నిదానంగా పులుస్తాయి, ఆవిడ ప్రతి దొన్నెలోనూ ధారాళంగా నీళ్లు కలిపేది. బావ రెండు దొన్నెలు తాగి, శనగలు నమిలి, నా వెనకే ఇంటికొచ్చి, పడుకుని నిద్రపోయేవాడు. నేనూ ఒక దొన్నె తాగడం మొదలుపెట్టాను, కాపలా ఉన్నవాడికి రుచి తెలియాలి కదా అని. కుండ మీద కప్పిన ఆకు తీయగానే వాసన బట్టి ఏది మొన్నటిదో ఏది నాలుగో రోజుదో చెప్పేసేవాణ్ని. పక్కనున్న గ్యాంగ్‌మన్లు కూడా "దాదా, మాకూ ఒకటి చూసి చెప్పు" అనేవారు. మా బావ నా ముందు చేతులు కట్టుకుని, నేను చూపించిన కుండలోదే తాగేవాడు. అది ఇంకా బాగుండేది.

ఒకరోజు అప్ప మా ఇంటికొచ్చి చేపల కూర ఇచ్చి వెళ్లింది. పెదవి మీద గీత మిగిలింది తప్ప మొహం తేటగా ఉంది. "మూన్నెల్లైందిరా, సెయ్యెత్తలేదు" అంది. నాకు ఛాతీ పొంగిపోయింది. వర్క్‌షాపులో నలుగురికీ చెప్పుకున్నాను.

హోలీ వెళ్లాక ఎండలు ముదిరాయి. ఎండలు ముదిరాయి కనక ఇంకా చలవ కావాలి, చలవ కావాలి కనక ఇంకా పుల్లటి కుండ కావాలి. నా లెక్క అది. కుండలు త్వరగా పులిసిపోతున్నాయి, నేను వాటిలో కూడా పాతది అడిగి మరీ తీయించేవాణ్ని. అప్పట్నుంచి బావ నడక మారింది. తిరిగొచ్చేటప్పుడు నాకు దూరంగా కాకుండా, ఎదురుగా వచ్చి నిలబడేవాడు. ఒక ఆదివారం గోల్‌బజార్‌లో రిక్షావాడి చొక్కా పట్టుకుని చింపేశాడు. వాడు రిక్షా గంట ఊడబీకి బావ నుదుటి మీద కొట్టాడు. ఇద్దర్నీ విడదీయడానికి వెళ్లి నేను కూడా రిక్షావాడినే తన్నాను. అతను చేసిన తప్పు మాకు దారి ఇవ్వకపోవడం.

ఆ మర్నాడు అప్ప మోచేతి మీద నల్లటి కమిలిన మచ్చ చూశాను. "తలుపు తగిలింది" అంది. తలుపులకు వేళ్ల గుర్తులుండవు.

నాకు ఒకటే తోచింది: వీడు దొంగచాటుగా చోలాయ్ తాగుతున్నాడు. షిఫ్టు అయ్యాక వర్క్‌షాపు గోడ వెనక పట్టుకున్నాను. జేబులు వెతికాను, టిఫిన్ డబ్బా ఊడదీశాను, దవడలు నొక్కి నోరు వాసన చూశాను. ఏమీ దొరకలేదు. దొరకలేదని ఇంకా మండింది. కడుపులో మోకాలితో పొడిచాను.

"నువ్విప్పించిందే తాగతన్నాన్రా. అమ్మ తోడు. ఇంకేటీ ముట్టలేదు" అన్నాడు, నేల మీద ముడుచుకుని.

"మరి సెయ్యెందుకు లేత్తంది?"

"నాకేటి తెల్దు. అది తాగితే లోపల ఎవుడో కూకున్నట్టుంతంది."

అబద్ధమనుకుని ఇంకో రెండు తగిలించాను. ఆ మనిషి ఆరునెలల్లో నాతో ఒక్క అబద్ధం ఆడలేదని నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

ఆ తర్వాతి ఆదివారం నేను పొద్దున్నుంచే నిప్పుల మీద ఉన్నాను. ఇవాళ వీడికి ఎన్నడూ లేనంత పుల్లటిది పట్టించాలి, వీడి ఒంట్లో వేడంతా దింపాలి అని పళ్లు కొరుక్కుంటూ వెళ్లాను. ఆవిడ దగ్గర వెనక్కి జరిపి పెట్టిన కుండ ఒకటి ఉంది. ఆకు తీయించాను. ఘాటుకు కళ్లు నీళ్లు తిరిగాయి. అదే కావాలన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, నీళ్ల కుండ లాక్కుని దొన్నెలో సగం దాకా నీళ్లు పోసింది.

తరవాణిలో నీళ్లు కలిపితే మా వాళ్లు ఊరుకోరు. గంజి తక్కువై ఇల్లాలు నీళ్లు కలిపిందంటే అదొక తప్పు కింద లెక్క. ఇన్నాళ్లూ ఈవిడ మాకు నీళ్లమ్ముకుంటోంది, అందుకే వీడి వేడి దిగడం లేదు అనిపించింది. "నీళ్లు పోసి మోసం చేస్తావా?" అని అరిచి, నీళ్ల కుండను కాలితో తన్నాను. కుండ పగిలింది. నీళ్లు ఆవిడ ఒళ్లో పడ్డాయి.

ఆవిడ ఏడవలేదు. లేచి, చేతిలో ఉన్న వెదురు గరిటెతో నా చెంప మీద కొట్టింది. రక్తం వచ్చింది. పక్కనున్న ఆడవాళ్లు ముగ్గురు లేచి నిలబడ్డారు, ఒకామె చేతిలో కత్తిపీట. "నీళ్లు వద్దా? అయితే ఉత్తిదే తాగు. తాగి పో. మళ్లీ రాకు" అంది హిందీలో. నేల మీద నాలుగు చుక్కలు మాత్రం అప్పుడూ మరవకుండా వదిలింది. నాకు పౌరుషం. చెంప మీద రక్తం తుడుచుకోకుండా నేను మూడు దొన్నెలు తాగాను, బావ చేత నాలుగు తాగించాను. చుక్క నీళ్లు కలవనిది.

మధ్యాహ్నం రెండింటికి వాళ్ల క్వార్టరుకు చేరాం. దారిలో ఎండ ఎక్కడిదక్కడ వంగిపోయి కనిపించింది. నా చేతులు నావి కానట్టు తేలిగ్గా ఉన్నాయి, ఎవరినైనా కొట్టకపోతే దండగ అనిపించేటంత తేలిగ్గా. అప్ప ఇద్దరికీ పీటలు వేసి కంచాలు పెట్టింది. నా చెంప చూసి "ఏటయిందిరా?" అంది. నేను కంచం దగ్గరకు లాక్కున్నాను. బావ ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పు లేదన్నాడు. అప్ప ఉప్పు తేవడానికి లేచింది. లేచేలోపు కంచం ఆమె వీపుకు తగిలింది. ఆ వెనకే బావ చెయ్యి జుట్టులోకి వెళ్లింది.

విరిచేస్తానన్న చెయ్యి అది. నేను పీట ఎత్తి బావ మోచేతి మీద దించాను. టప్పుమంది. బావ అరిచి మూలకు పడ్డాడు. అంతటితో ఆగచ్చు. వాడు మళ్లీ లేచే స్థితిలో లేడు. నేను ఆగలేదు. ఎడమ చేత్తో చొక్కా పట్టుకుని, పీట మళ్లీ ఎత్తాను, ఈసారి తల మీదకి. అప్ప పరుగెత్తుకొచ్చి మా ఇద్దరి మధ్యా దూరింది. రెండు చేతులతో నా ఛాతీని నెడుతూ "ఒగ్గీరా, సచ్చిపోతాడు, ఒగ్గీరా" అంది.

నేను అప్పను కొట్టాను.

గురి తప్పి తగిలిందని అయ్యకు చెప్పాను. ఆసుపత్రిలో డాక్టరుకు, మెట్లు జారి పడిందని అప్పే చెప్పింది. రెండూ అబద్ధాలే. పీట కింద పడేసి, ఖాళీ చెయ్యి చేసుకుని, ఆమె మొహం చూసి, అడ్డొచ్చినందుకు ఎడమ చెవి మీద కొట్టాను. ఆ క్షణంలో నాకు కోపం బావ మీద కాదు, ఆమె మీద. ఆమె గోడకు కొట్టుకుని కూర్చుండిపోయింది. చెవిలోంచి సన్నగా రక్తం మెడ మీదకు కారింది. ఆమె ఏడవలేదు, నావైపు చూసింది. ఆరేళ్ల కాపురంలో ఆమె బావను చూసిన చూపు అది. అప్పటిదాకా ఆ చూపు నాకెప్పుడూ ఎదురుపడలేదు.

చెవి లోపలి పొర చిరిగిందన్నారు. ఆ చెవి మళ్లీ పూర్తిగా వినపడలేదు. బావ మోచేతికి కట్టు కట్టారు.

మూడో రోజు సాల్ చెట్ల దగ్గరికి వెళ్లాను. ఆవిడ కుండలన్నీ పగలగొట్టాలనే వెళ్లాను. అందులో ఏదో మందు కలిపి ఉంటుంది, లేకపోతే నా చెయ్యి అప్ప మీదకు ఎలా వెళ్తుంది? నన్ను చూడగానే ఆవిడ గరిటె తీసుకుంది. "ఏం కలిపావు?" అని అడిగాను. అడిగేటప్పటికి అది కొట్టడానికి వచ్చినవాడి గొంతులా లేదు. ఆవిడ గరిటె దించలేదు గానీ, జవాబు చెప్పింది.

"ఏం కలపలేదు. అన్నం, పులియడానికి మా చెట్లవేళ్ల బిళ్ల, అంతే. రెండో రోజుది తియ్యగా ఉంటుంది, ముసలివాళ్లకి అదే ఇస్తాం. మూడో రోజుది పనివాళ్లది. ఆ తర్వాత పులుపు ఎంతెక్కితే నిషా అంతెక్కుతుంది. ఎండాకాలం ఇంకా తొందరగా. అందుకే నీళ్లు పోస్తాం. నువ్వు వచ్చిన ప్రతిసారీ అన్నిట్లోకీ పుల్లటిది అడిగావు. పెద్ద తాగుబోతువేమో అనుకున్నాను. నీళ్లు పోస్తే కుండ తన్నావు."

అక్కడే కింద కూర్చుండిపోయాను. చలికాలంలో అప్పను కాపాడింది ఆవిడ కలిపిన నీళ్లు. నా కాపలా కాదు. వేసవిలో ప్రతి ఆదివారం ఏరి కోరి, వాసన చూసి, ఇదే ఇదే అని వేలు పెట్టి చూపించి ఆ చేతిని అప్ప మీదకు పంపింది నేను. నిజమే చెప్పినవాణ్ని అబద్ధమని మోకాలితో పొడిచింది నేను. ఇదంతా కుండ మీదకు తోసేయచ్చు. కానీ ఆ మూడు దొన్నెలు తాగకముందే నీళ్ల కుండ తన్నాను. సైకిల్ పంపు తీసిన రోజు చుక్క ముట్టలేదు. ఆవిడకు పగలగొట్టిన కుండ బదులు కొత్త కుండ తెచ్చి పెట్టాను. తీసుకుని పక్కన పెట్టుకుంది.

వారం తర్వాత అప్ప దగ్గరికి వెళ్లాను. బావ చేతికి కట్టుతో బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గుమ్మంలోపల అప్ప బియ్యం చాటలో రాళ్లు ఏరుతోంది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచి బావను లోపలికి రానివ్వలేదట, అన్నం మెట్ల మీదే పెడుతోందట. నేను గడప ఇవతలే నిలబడ్డాను. నా మాట వినడానికి ఆమె మొహం పక్కకు తిప్పి కుడి చెవి ఇటు పెట్టింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను, కుండల సంగతి, పులుపు సంగతి, తప్పంతా నాదేనని, ఇక జన్మలో ముట్టనని.

"ఇక్కడొద్దప్పా, రా. ఎలిపోదాం" అన్నాను.

"ఎక్కడికి?"

"మనింటికి."

అప్ప చాట పక్కన పెట్టింది. అరిచి తిట్టి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పినప్పటిలా మెల్లగా, తప్పెక్కడుందో చూపిస్తున్నట్టు అంది.

"ఆ ఇంట్లో నువ్వుంతావు కదరా."

లేచి తలుపు వేసింది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. బావ జరిగి కాస్త చోటిచ్చాడు. మెట్ల మీద అతని పక్కన కూర్చున్నాను.